పొద్దున వెళ్ళి దీపాలవేళకు వచ్చే కొండలు

దసరా సెలవులకు మా ఎదురింటివారు సకుటుంబంగా ఊటీ వెళ్ళివచ్చారు. వచ్చిన మర్నాడే ఒక యూకలిప్టస్ నూనె సీసా, ఒక చాక్లెట్ల పొట్లం తెచ్చి యిచ్చి, కూర్చుని, సెల్‌ఫోనులో మూడువందల పైచిలుకు ఫోటోలు చూపించారు. చూచినంతసేపూ మా ఆవిడ "అబ్బ, ఎంత బాగుందండీ!" అంటూనే వుంది. వాళ్ళు గుమ్మం దాటగానే నావైపు తిరిగి, "మనమూ వున్నాం, ఎందుకూ! నూజివీడు మామిడితోటలు తప్ప ఇంకో కొండ, కోన చూచిన పాపాన పోలేదు" అన్నది.

ఇలాంటి మాటకు సమాధానం చెప్పేముందు ఏ భర్త అయినా బ్యాంకు పుస్తకం తీసి చూచుకుంటాడు. నేనూ చూచుకున్నాను. పింఛను మీద బ్రతికే బడిపంతులికి ఊటీ చాలా ఎత్తున వున్నట్టు కనిపించింది. అందుచేత గంభీరంగా ముఖం పెట్టి, "కొండలు మనకు మాత్రం లేవా? ఈ కార్తీకంలో నీకు రెండు కొండలు ఎక్కిస్తాను. పొద్దున బయలుదేరితే దీపాలవేళకు ఇంట్లో వుంటాం. హోటలు ఖర్చు కూడా లేదు" అన్నాను. మాట తొందరపడి అన్నదే. కాని అన్న తరువాత ఆలోచిస్తే అందులో నిజం కూడా కొంత వున్నదనిపించింది.

కొండమీద ఊరు కట్టుకుని అక్కడకు విహారానికి పోవడమనేది ముఖ్యంగా దొరలు ప్రచారం చేసిన అలవాటు. మైదానాల ఎండ భరించలేక వాళ్ళు చల్లని చోటు వెతుక్కున్నారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ 1819లో నీలగిరులు ఎక్కిన తరువాతనే ఊటీ పట్నమైంది. మన రాయలసీమలో మదనపల్లె దగ్గర వున్న ఏనుగు మల్లమ్మ కొండకూ అదే కథ జరిగింది. నాలుగువేల అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ కొండమీద కడప కలెక్టరు హార్స్లీ బంగళా కట్టుకున్నాడు. దానితో మల్లమ్మ వెనక్కుపోయి అది హార్స్లీ కొండ అయిపోయింది.

దొరలు ఎండలకు జడిసి కొండెక్కారు. మన పెద్దవాళ్ళు ఎండలు, వానలు రెండూ పోయాక ఎక్కారు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనాలని పెట్టారంటే అందులో పుణ్యంతోపాటు ఉపాయం కూడా వుంది. అప్పటికి వానలు వెనుకపట్టు పడతాయి, నేల తడి ఆరుతుంది, గడ్డి ఇంకా పచ్చగానే వుంటుంది. పదిగంటలవరకూ ఎండ ఒంటికి హాయిగా వుంటుంది. ఇంతకంటె నడవడానికి అనువైన కాలం మన కృష్ణా ప్రాంతంలో మరొకటి లేదు. ఉన్న భయమల్లా తుఫాను ఒక్కటే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఈ ఋతువులో వచ్చిన తుఫానేనని మరువరాదు. వాయుగుండం వార్త వినబడితే ఆ వారానికి కొండ మాట తలపెట్టకూడదు.

మామిడి సీమవాళ్ళకు ఈ రోజులు మరొక విధంగా కూడా కలిసివస్తాయి. వేసవిలో కాయ కోసి, తొలకరికి ఎండుకొమ్మలు తీసి, ఎరువు వేసి, దున్నిన తరువాత చెట్టు తన మానాన తాను చిగురు వేసుకుంటుంది. ఆ చిగురు ముదిరి, కార్తీకంలో చెట్టు విశ్రాంతిగా వుంటేనే పుష్యమాఘాల్లో పూత వస్తుంది. అదనులో చలి తగలాలి, నేల కాస్త ఎండాలి. ఈ నెలలో పెద్దవాన కొట్టిందా, పూతకు బదులు మళ్ళీ చిగురు తొడుగుతుంది. కనుక కార్తీకంలో రైతు చేయవలసిన పనికంటె చేయకుండా వూరుకోవలసిన పనే ఎక్కువ. ఈ సంగతులన్నీ నాకు మా అన్నయ్య చెప్పినవే. తోట చూచేది ఆయన. రసాలు తినేది నేను.

ఆ అన్నయ్యకూ నాకూ వైశాఖంనుంచి మాటలు లేవు. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు కొండ ఎక్కుదాం.

మొదటి ఆదివారం కొండపల్లికి పోయాం. మైలవరం మీదుగా బస్సు మారి వెళితే కొండపల్లి బొమ్మల ఊరు, దాని నెత్తిన కోట, కోట చుట్టూ అడవి. ఈ దుర్గాన్ని పధ్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెబుతారు. తరువాత గజపతుల చేతిలో పడింది. వారి దగ్గరనుంచి కృష్ణదేవరాయలు గెలిచాడు. గోల్కొండ నవాబులు ఏలారు, మొగలులు వచ్చారు, 1766లో ఇంగ్లీషువారి పాలైంది. ఇంతమంది పట్టుపట్టిన కోటను మేము పులిహోర పొట్లంతో ముట్టడించాం. ఇప్పుడు కార్లు పోయే రోడ్డు వుంది గాని, కాలినడక రుచి దానికెక్కడిది?

నేను ఈ యాత్రకోసమని కొత్త బూట్లు కొన్నాను. మా ఆవిడ పాత చెప్పులే వేసుకుంది. అరగంట గడిచేసరికి ఆవిడ ముందు, నేను వెనుక. గంట గడిచేసరికి ఆవిడ ఒక బండమీద కూర్చుని సీతాఫలం వొలుచుకుంటోంది, నేను బూటు విప్పి మడమమీద పొక్కు చూచుకుంటున్నాను. అయ్యా, కొండకు పోయేవారు కొత్త బూట్లతో పోవద్దు. కొంటే రెండు వారాలు వీధిలో నడిచి కాలికి అలవాటు చేసుకున్న తరువాతనే పోవాలి. ఇది అనుభవంమీద వ్రాస్తున్న వాక్యం.

దారిపొడవునా తంగేడు పసుపుపచ్చగా పూచి వుంది. సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా లేచి మళ్ళీ వాలుతున్నాయి. వానలు వెలిసిన ఈ రోజులే వాటికి పండుగ. ఇదే అడవికి కృష్ణ ఒడ్డువైపున మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కని పెట్టారు. పిల్లలున్నవారు, మోకాళ్ళు సహకరించనివారు కోట ఎక్కకుండా అక్కడ నడిచినా చాలు.

కొండపల్లి అడవిలో చూడవలసిన చెట్టు తెల్లపొణికి. చూపుకు గొప్పగా ఏమీ వుండదు. కాని బొమ్మలన్నీ దానివే. కర్ర బెండులాగ తేలిక. ఆరబెట్టి, వెచ్చచేసి తడి తీసి, కాళ్ళూ చేతులూ వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. సంక్రాంతి బొమ్మలకొలువులో మనం మెట్లమీద నిలబెట్టే అంబారీ ఏనుగు, దశావతారాలు ముందు ఈ కొండమీద మొలవాలన్నమాట. ఇప్పుడు ఆ చెట్టు చాలినంత దొరకడం లేదు. క్రిందికి దిగినాక ఒక బొమ్మల దుకాణంలో పెద్దాయనను అడిగితే, "బొమ్మ చెయ్యడం నేర్పగలమండీ, చెట్టు పెరగడం ఎవరికి నేర్పుతాం?" అన్నాడు.

ఆ మాట ఇంటికి వచ్చేవరకూ మనసులో మెదులుతూనే వుంది. అడవి వున్నదీ లేనిదీ బొమ్మలవాళ్ళకే పట్టిన విషయం కాదు. మైలవరం చుట్టుపక్కల ఈ కొండల్లో పడిన వానే బుడమేరై పారి కొల్లేటికి పోతుంది. 2024 సెప్టెంబరు మొదటిరోజుల్లో ఆ బుడమేరే పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు పేటలన్నీ ముంచింది. ఏటికి గట్లు తెగాయన్నారు, దారి ఇరుకైందన్నారు. అన్నీ నిజమే కావచ్చు. వాటితోపాటు, వాన పడిన కొండమీద చెట్టూ గడ్డీ ఎంత వుంటే నీరు అంత నిదానంగా దిగుతుందనే సంగతి, కొండ ఎక్కి వాగు పుట్టే చోటు కళ్ళారా చూచినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండవ ఆదివారానికి ఆగిరిపల్లి అనుకున్నాం. నూజివీడునుంచి విజయవాడ పోయే దారిలోనే వుంది. ఊళ్ళో కోనేరు, గుడి. కొండపైన వ్యాఘ్ర నరసింహస్వామి. శోభనాచలమని కొండ పేరు. మాఘంలో రథసప్తమికి తిరునాళ్ళు జరిగినప్పుడు జనం ఇసక వేస్తే రాలరు. కార్తీకంలో మామూలు ఆదివారంనాడు ప్రశాంతంగా వుంటుంది. మెట్లున్నాయి కనుక దారి తప్పుతామన్న బెంగ లేదు. గంటసేపటి పని.

కోనేటిగట్టుకు చేరేసరికి అక్కడ మా వదినగారు గిన్నెల సంచీతో కూర్చుని వుంది. పక్కన మా అన్నయ్య, చేతిలో కర్ర. నన్ను చూచి ఆయన ఎంత ఆశ్చర్యపోయాడో ఆయనను చూచి నేనూ అంతే ఆశ్చర్యపోయాను. ఆడవాళ్ళిద్దరూ మాత్రం ఏమీ ఎరగనట్టు, "రా అక్కయ్యా", "నువ్వే ముందు నడవ్వే" అనుకుంటూ చకచకా మెట్లెక్కి పోయారు. ఫోనులో మాట్లాడుకుని వేసిన ఎత్తు అని అప్పటికి అర్థమైంది.

ఇప్పుడు ఆ గొడవ చెప్పాలి. మా నాన్నగారు వేసిన ఎనిమిదెకరాల రసాల తోట మాకిద్దరికీ ఉమ్మడి. మొన్న వైశాఖంలో అన్నయ్య దానిని కొట్టించి ఆయిల్‌పామ్ వేస్తానన్నాడు. కాగితాలమీద నా సంతకం కావాలన్నాడు. "నాన్నగారు నాటిన చెట్లు నా చేత్తో కొట్టించను" అని నేను పెట్టలేదు. మాటా మాటా పెరిగింది. ఆయన రాకపోకలు మానుకున్నాడు. ఏటేటా ఇంటికి వచ్చే కాయ ఈ ఏడు రాలేదు. ముప్ఫైయేళ్ళ కాపురంలో మొదటిసారి మా ఆవిడ బజారులో కాయ కొని ఆవకాయ పెట్టింది. దానిని కలుపుకున్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు. అయినా తప్పు ఆయనదేనని గట్టిగా అనుకునేవాణ్ణి.

మెట్లమీద అన్నదమ్ములం మౌనంగా నడిచాం. ఒక సౌకర్యం చూడండి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడకపోవడం పోట్లాటలాగ వుంటుంది. కొండ ఎక్కేటప్పుడు మాట్లాడకపోతే ఆయాసమని సరిపెట్టుకోవచ్చు. సగం దూరం పోయాక అన్నయ్య ఆగి, తన కర్ర నాకిచ్చాడు. "దిగేటప్పుడు నీకు పనికొస్తుంది, మోకాళ్ళమీద బరువు పడేది అప్పుడే" అన్నాడు. ఆరు నెలల తరువాత మొదటి మాట అది. ఆయనకు డెబ్బైరెండు, నాకు అరవైనాలుగు.

పైకి చేరి, దర్శనం చేసుకుని, తూర్పువైపు బండమీద నిలబడి చూచాం. మన ఊళ్ళను మనం ఎన్నడూ పైనుంచి చూడం. క్రింద తోటల్లో తిరుగుతుంటే ఎటు చూచినా చెట్లే, ఈ మామిడికి అంతులేదనిపిస్తుంది. పైనుంచి చూస్తే లెక్క తెలుస్తుంది. ముదురు ఆకుపచ్చని మామిడి మధ్య మధ్య నక్షత్రాలు పరచినట్టుగా ఆయిల్‌పామ్ తలలు. అక్కడక్కడ ఎర్రటి నేల చదును చేసి, ఇళ్ళస్థలాలకు పాతిన తెల్లరాళ్ళు. పాత దుప్పటికి మాసికలు వేసినట్టు వుంది. పడమటివైపు కొండల వరుస నీలంగా కనిపించింది.

"మన తోట ఎక్కడుందో చెప్పు" అన్నాడు అన్నయ్య. నేను ఒకటి చూపించాను. ఆయన నవ్వి, "అది మనది కాదురా. చెరువు కట్టకు ఇవతల, ఆ తాడిచెట్ల వరుస పక్కన చూడు" అన్నాడు. అంత అభిమానం చూపిన తోటను గుర్తుపట్టలేకపోయినందుకు నాకు సిగ్గువేసింది.

అప్పుడాయన బండమీద కూర్చుని చెప్పాడు. "నాన్న అంటు మొక్కలు నాటిన యేడు నాకు పదేళ్ళు, నీకు రెండు. బావి దూరం. మూడు వేసవులు నాన్నా నేనూ కావిడితో నీళ్ళు మోశాం. భుజంమీద కాయ కాసింది, చెట్టుకు ఆ తరువాత కాసింది. కొట్టాలంటే నీకు మాత్రమే ప్రాణం వుసూరుమంటుందనుకోకు. ఒక ఏడు కాస్తే ఒక ఏడు కాయదు. కాసిన ఏడు తేనెమంచు పురుగు, లేకపోతే గాలివాన. అన్నీ దాటి నున్న మార్కెట్టుకు తోలితే అక్కడ ధర వుండదు. రసం బంగినపల్లిలాగ దూరం పోదు. కలెక్టరు కాయలాగ రసం ఫ్యాక్టరీకీ పోదు. పండితే నాలుగు రోజుల్లో తినాలి. ఆయిల్‌పామ్ నాలుగో ఏటినుంచి నెలనెలా గెలలు దిగుతుంది. నీకు పింఛనుంది. నాకేముందిరా?"

పాఠకులారా, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలలుగా నేను నాన్నగారి పేరు చెప్పి వాదించాను. ఆ నాన్నగారితో నీళ్ళు మోసినవాడు ఆయన. మామిడి నీడ, మామిడి కబుర్లు, మామిడి రుచి నావి. మందు ఖర్చు, కూలీ ఖర్చు, వడ్డీ ఆయనవి. బొమ్మల దుకాణంలో పెద్దాయన అన్న మాట గుర్తువచ్చింది. చెట్టు పోకూడదని చెప్పడం తేలిక. దానిని నిలబెట్టేవాడు బ్రతికే దారి కూడా చూడాలి.

"సంతకం పెడతాను అన్నయ్యా. తోట నీది. నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అన్నాను.

ఆయన చాలాసేపు తోటవైపే చూచి, "ఇప్పుడు సంతకం ఎవరడిగారు? చిగురు బాగా ముదిరింది. ఈ చలికి పూత ఎలా వస్తుందో చూద్దాం" అన్నాడు. "ఆయిల్‌పామ్‌కు నీళ్ళు కూడా మామిడికంటె చాలా కావాలి. మన బోరు అంత పోస్తుందో లేదో" అని మళ్ళీ తనలో తానే అనుకున్నాడు.

ఇంతలో ఆడవాళ్ళు దిగువన చెట్టు నీడలో ఆకులు పరిచి పిలిచారు. పులిహోర, దద్దోజనం. వదినగారు సంచీ అడుగునుంచి ఒక చిన్న జాడీ తీసింది. మన తోట కాయ మాగాయ. "ఇది మీకని వైశాఖంలోనే తీసి పక్కన పెట్టాను. పంపే మొహం లేక అట్టేపెట్టాను" అన్నది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "కారం ఎక్కువైందక్కయ్యా" అన్నది. ఆమె ఇంకా కలుపుకోనేలేదు.

తోట మాట ఇంకా తేలలేదు. అయిదెకరాలు మార్చి మూడెకరాలు వుంచుదామని వదినగారు, నా వాటా ఖర్చు ఇకనుంచి నేనూ పెట్టుకుంటానని నేను, లెక్క వేసి చెబుతానని అన్నయ్య. పుష్యంలో పూత చూచిన తరువాత మళ్ళీ అదే కొండ ఎక్కి తేల్చుకుందామనుకున్నాం.

మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకునేటట్లయితే నాలుగు ముక్కలు. తెల్లవారకముందే బయలుదేరండి, పదిన్నరకు పైకి చేరుకునేటట్టు చూచుకోండి. మనిషికి రెండు సీసాల నీళ్ళు తప్పనిసరి. ఒక కర్ర, ఒక తువ్వాలు. అడవిదారిలో గడ్డిలో కాలు పెట్టేముందు కర్రతో తట్టండి, పాములు తప్పుకుంటాయి. ఎక్కడికి వెళుతున్నదీ ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్ళండి. నాలుగు గంటలకల్లా దిగడం మొదలుపెట్టండి, కార్తీకంలో పొద్దు త్వరగా వాలుతుంది. తిన్న ఆకులు, తాగిన సీసాలు కొండమీద వదలకుండా సంచీలో వేసుకుని రండి. చివరిది అన్నిటికంటె ముఖ్యం. ఇంట్లో ఎవరితోనైనా మాటలు లేకపోతే వారిని వెంటబెట్టుకుని వెళ్ళండి.

మొన్న ఎదురింటావిడ, "కొండలు చూచారటగా, ఏం కనిపించాయి?" అని అడిగింది. "మా తోట కనిపించింది" అని మా ఆవిడ చెప్పింది.